నిమ్మ స్క్వాష్ సీసాలు: ముందు మూత, తర్వాతే మెషీన్

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర పల్లె. నిమ్మకాయ ధర పడిపోయినప్పుడల్లా మా డ్వాక్రా సంఘంలో ఆరుగురం కలిసి నిమ్మ స్క్వాష్ చేసి, 750 మి.లీ. గాజు సీసాల్లో అమ్ముతున్నాం. వారానికి 200 సీసాల దాకా పోతున్నాయి. చెంబు, గరాటుతో నింపి, అల్యూమినియం మూతలు చిన్న మెషీన్‌తో బిగిస్తాం. ఒక్కో సీసాలో ఒక్కో మట్టం వస్తోంది. కొన్నింటికి మూత దగ్గర జిగురు కారుతోంది. కొన్ని నెల తిరక్కుండానే బుసబుసమని పొంగుతున్నాయి. ఎండాకాలమైతే రెండు నెలలకే రంగు ముదిరి చేదెక్కుతోంది. వైన్ తయారీలో వాడే నాలుగు గొట్టాల ఫిల్లింగ్ మెషీన్ పెడితే ఇవన్నీ పోతాయని డీలరు అంటున్నాడు. కొనమంటారా?

సమాధానం: కొనండి, కానీ ఇప్పుడే వద్దు. మీరు రాసిన ఇబ్బందుల్లో ఆ మెషీన్ పూర్తిగా తీర్చేది మట్టం ఒక్కటే. కారడం మూత దగ్గరి లోపం. పొంగడం శుభ్రతకూ, చెడకుండా కలిపే నిల్వ మందుకూ సంబంధించింది. చేదు రసం తీసేటప్పుడే వస్తుంది. రంగు మారడంలో మాత్రం నింపే తీరుకు కొంత పాత్ర ఉంది. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు దాన్ని ముందు మంచి సీసా మీద, మూత బిగించే మెషీన్ మీద పెట్టాలి. నింపడం చివర చూసుకోవచ్చు.

కారుతున్న సీసా ఒకటి తీసుకుని మూత విప్పి చూడండి. లోపల తెల్లటి మెత్తని వాషర్ ఉంటుంది. దాని మీద సీసా అంచు నొక్కుకున్న గుండ్రటి ముద్ర కనిపించాలి. చుట్టూ ఒకే లోతున ఉంటే మూత సరిగ్గా కూర్చున్నట్టు. ఒకవైపు లోతుగా పడి ఎదురువైపు చెరిగినట్టుంటే సీసా నిలబెట్టే పీట ఒరిగిందని, లేదా మెషీన్ తల సీసాకు నడిమధ్యన దిగడం లేదని అర్థం. చుట్టూ పలచగా ఉంటే పైనుంచి అదుముడు చాలలేదు. ఒక్కచోట మాత్రం ముద్ర తెగిపోయి ఉంటే, అదే చోట సీసా అంచును వేలితో తడిమి చూడండి, పెచ్చు లేచి ఉంటుంది. ఇలా పది సీసాలు చూస్తే లోపం ఏమిటో మీకే తెలిసిపోతుంది.

అల్యూమినియం మూత బిగించడంలో రెండు పనులు ఒకేసారి జరగాలి. తల దిగి మూతను సీసా అంచుకు గట్టిగా అదిమి పట్టాలి. అదిమి ఉండగానే రెండు రోలర్లు మూత గోడను సీసా మరల్లోకి నొక్కాలి, ఇంకో రెండు రోలర్లు కింది పట్టీని మెడ కింది గాడిలోకి మడవాలి. కారకుండా ఆపేది పైనుంచి పడే అదుముడే. మరలు ఆ అదుముడు సడలకుండా పట్టి ఉంచుతాయి, అంతే. కారుతోందని చాలామంది రోలర్లు బిగిస్తారు. దాంతో మూత చిరుగుతుందే గానీ కారడం ఆగదు. ముందు తలలోని స్ప్రింగు అదుముడు పెంచి చూడాలి.

రోలర్లు ఎప్పుడు ముట్టుకోవాలో మూతే చెబుతుంది. బిగించాక మూత విప్పుకోకుండా ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంటే మర రోలర్లు లోతుగా దిగడం లేదు. విప్పినప్పుడు కింది పట్టీ తెగకుండా మూతతో పాటు ఊడివస్తే పట్టీ రోలర్లు చాలడం లేదు. విప్పకముందే పట్టీ చీలికల దగ్గర తెగి ఉంటే అవి మరీ ఎక్కువగా నొక్కుతున్నాయి. ఏ మార్పు చేసినా పావు చుట్టుకు మించకుండా తిప్పి, ఐదు సీసాలు బిగించి చూసి, ఆ తర్వాతే మళ్ళీ తిప్పండి. రెండు రకాల రోలర్లను ఒకేసారి మారిస్తే ఏది దేనివల్ల మారిందో తెలియదు.

గరాటుతో పోసేటప్పుడు సీసా అంచు మీద పాకం పడుతుంది. దాని మీదే మూత పెడితే వాషర్ సరిగ్గా కూర్చోదు, తర్వాత అక్కడ చీమలు చేరతాయి, బూజు పడుతుంది. మరిగించి పిండిన గుడ్డతో ప్రతి అంచునూ తుడిచిన తర్వాతే మూత పెట్టాలి. ఆ గుడ్డను ప్రతి పాతిక సీసాలకు మార్చండి. బిగించిన ప్రతి విడతలోంచి ఐదు సీసాలను తెల్ల కాగితం మీద పడుకోబెట్టి రాత్రంతా ఉంచండి. తెల్లారి కాగితం మీద మరక ఉంటే ఆ విడత బయటికి పోకూడదు.

మూత బాగానే ఉన్నా కొన్ని సీసాలు ఎండకు కారతాయి. పొద్దున 28 డిగ్రీలప్పుడు నింపిన స్క్వాష్ మే నెలలో రేకుల షెడ్డులోనో ఆటోలోనో 45 డిగ్రీలకు చేరితే, 750 మి.లీ. మీద సుమారు 5 మి.లీ. వ్యాకోచిస్తుంది. సన్నటి మెడలో ఆ 5 మి.లీ. చాలా పైకి పోతుంది. మూత కింద ఖాళీ 7 మి.లీ. మాత్రమే ఉంటే అందులోని గాలి మూడింతలకు పైగా నొక్కుకుంటుంది, వాషర్ దాన్ని ఆపలేదు. అందుకే సీసా కొనేముందే అంచు దాకా నీళ్ళు పోసి తూకం వేయండి. నీటికి గ్రాము అంటే మిల్లీలీటరే. 770 పట్టే సీసా అయితే 750 పోశాక 20 మి.లీ. ఖాళీ ఉంటుంది, అది చాలు. 765 కూడా పట్టని సీసా మీకు పనికిరాదు. పాత మద్యం సీసాలు చవకగా దొరుకుతాయి గానీ వాటి జోలికి పోకండి. వాటిలో కిరోసిన్ పోశారో పురుగుమందు పోశారో ఎవరికీ తెలియదు. పైగా రకరకాల ఎత్తుల సీసాలు కలిస్తే మూత మెషీన్ ఒక్కో సీసా మీద ఒక్కోలా అదుముతుంది.

ఇక పొంగే సంగతి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. పొంగిన సీసాలో ఈస్టు చేరి పంచదారను పులియబెడుతోంది. ఆ వాయువుకు గాజు సీసా పగిలి కళ్ళల్లో పడవచ్చు. అనుమానం ఉన్న సీసాను మందపాటి తడిగుడ్డ చుట్టి, ముఖానికి దూరంగా పెట్టి విప్పండి. ఆ స్క్వాష్ పారబోయాల్సిందే. మళ్ళీ మందు కలిపి నింపుదామని చూడకండి. పులిసేటప్పుడు పుట్టే పదార్థాలు కొత్తగా కలిపిన మందును పట్టేసుకుంటాయి, అది ఇక పనిచేయదు.

ముందు కొలతలు సరిచూసుకోండి. 10 కిలోల స్క్వాష్‌కు వడకట్టిన నిమ్మరసం 2.6 కిలోలు, పంచదార 4.3 కిలోలు, నీరు 3.1 కిలోలు. ఇది 45 బ్రిక్స్ (అంటే నూటికి 45 పాళ్ళు కరిగిన ఘనపదార్థం, ఎక్కువగా పంచదారే) దగ్గర తేలుతుంది, సుమారు 11 సీసాలు వస్తాయి. ఆహార భద్రత నిబంధనల ప్రకారం స్క్వాష్‌లో పండ్ల రసం 25 శాతానికి, కరిగి ఉన్న ఘనపదార్థం 40 శాతానికి తగ్గకూడదు. చెంబులతో, గ్లాసులతో కొలవకుండా అన్నీ తూకం వేయండి. చిన్న రిఫ్రాక్టోమీటర్ కొనుక్కుంటే ప్రతి డ్రమ్మూ బ్రిక్స్ చూసుకోవచ్చు. 40కి దిగువన ఉన్న డ్రమ్ము తొందరగా పులుస్తుంది.

నిల్వకు వాడేది పొటాషియం మెటాబైసల్ఫైట్, బజారులో కేఎంఎస్ అంటారు. పై 10 కిలోలకు 5 గ్రాములు చాలు. కిలో స్క్వాష్‌లో దీన్నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ 350 మిల్లీగ్రాములు మించకూడదని పరిమితి. మందు కొత్తదైతే 5 గ్రాములకు సుమారు 285 వస్తుంది. దీన్ని చిటికెలతో, చెంచాలతో కొలవకూడదు, 0.1 గ్రాము చూపే కాటా కావాలి. మూత విప్పి తేమ తగిలేలా ఉంచిన పాత పొట్లం బలం కోల్పోతుంది. ప్రతి సీజనుకు కొత్త పొట్లం తెచ్చి, గాలి చొరబడని డబ్బాలో ఉంచండి.

కలపడంలో రెండు తప్పులు తరచూ జరుగుతాయి. వేడి పాకంలోనే మందు వేయడం మొదటిది. అప్పుడది ఘాటుగా వాయువై పోతుంది, సీసాలోకి చేరేది కొంతే. పాకం పూర్తిగా చల్లారి, రసం కలిపాక, చివర్లో, 100 మి.లీ. నీళ్ళలో కరిగించి పోయాలి. ఆ నీళ్ళు పైన చెప్పిన 3.1 కిలోల్లోంచే తీసుకోండి. రెండోది సరిగ్గా కలియబెట్టకపోవడం. పాకం బరువైనది కాబట్టి అడుగున నిలుస్తుంది, మందు నీళ్ళు పైన తేలతాయి. అడుగు నుంచి పైకి తెడ్డుతో పది నిమిషాలు తిప్పాలి. ఒకే డ్రమ్ములో నింపిన సీసాల్లో కొన్ని పొంగి కొన్ని బాగుండటానికి చాలాసార్లు ఇదే కారణం. మందు కలిపేటప్పుడు తలుపులు తీసి ఉంచండి, ఉబ్బసం ఉన్నవారు దగ్గర ఉండకూడదు.

లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి ఖర్చులేని పద్ధతి ఒకటుంది. నింపిన వరుసలోనే ప్రతి సీసా అడుగున మార్కరుతో అంకె వేయండి. నెల తర్వాత ఏ అంకెలు పొంగాయో చూడండి. మొదటి పది, పదిహేను పొంగితే కొళాయిలో, గొట్టంలో పాత రసం మిగిలి ఉంది. చెంబుతో పైనుంచి తోడినప్పుడు చివరివి పొంగితే డ్రమ్ములో సరిగ్గా కలవలేదు, అడుగు కొళాయితో నింపితే ఈ లోపానికి మొదటివే పొంగుతాయి. మధ్యమధ్యన అక్కడొకటి ఇక్కడొకటి పొంగితే సీసాల కడుగుడు బాగాలేదు, లేదా మూతలు గాలి పీలుస్తున్నాయి. వరుసగా అన్నీ పొంగితే మందు తగ్గింది, లేదంటే రసం పిండి రాత్రంతా ఉంచి మర్నాడు వాడారు. ఈ ఒక్క అలవాటు వల్ల మీ శ్రమ చాలా ఆదా అవుతుంది, దయచేసి వదలకండి.

కొళాయిని పూర్తిగా విప్పి కడగాలి. బంతి కొళాయి మూసినప్పుడు దాని బోలులో చుక్క రసం ఇరుక్కుపోతుంది, ఈస్టు కాపురం పెట్టేది అక్కడే. పని అయ్యాక ముందు చల్లటి నీటితో, తర్వాత 80 డిగ్రీల వేడి నీటితో 20 నిమిషాల పాటు గొట్టాలన్నీ తడిచేలా పారించండి. మర్నాడు పని మొదలుపెట్టే ముందు మళ్ళీ అంతే. అంత వేడికి మెత్తబడే ప్లాస్టిక్ గొట్టాలు తీసేసి ఆహారానికి వాడే సిలికాన్ గొట్టాలు వేయండి. బ్లీచింగ్ పౌడరు స్టీలును గుంటలు గుంటలుగా తినేస్తుంది. అది నిమ్మరసంతో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరికి ప్రమాదం. అది ఆ గదిలోకే రాకూడదు.

కొత్త సీసాలకు కాస్టిక్ అక్కర్లేదు. లోపల అట్టపెట్టె దుమ్ము ఉంటుంది కాబట్టి శుభ్రమైన నీటితో రెండుసార్లు కడగండి. లీటరు నీటికి 2 గ్రాముల కేఎంఎస్, 5 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి దానితో లోపల కడిగి, తలకిందులుగా పెట్టి పూర్తిగా కారిపోనివ్వండి. మీ ప్రాంతపు బోరు నీళ్ళు గట్టివి, ఆరాక సీసా మీద తెల్లటి మచ్చలు వదులుతాయి. చివరి కడుగుడుకూ స్క్వాష్‌లో కలపడానికీ ఆర్‌ఓ నీళ్ళే వాడండి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళున్న ఊళ్ళలో చేసేవారికి ఇది మరీ ముఖ్యం.

చేదు విషయంలో సీసాను నిందించి లాభం లేదు. నిమ్మ గింజల్లో, తొక్క లోపలి తెల్లపొరలో ఒక పదార్థం ఉంటుంది. పిండిన వెంటనే దాని చేదు తెలియదు. రసంలోని పులుపుతో కలిసి కొన్ని గంటల్లో లిమోనిన్‌గా మారి చేదవుతుంది, వేడి తగిలితే ఇంకా త్వరగా మారుతుంది. అందుకే చేసినరోజు రుచి చూసి బాగుందనుకున్నది తర్వాత చేదెక్కుతుంది. కాయలను మిక్సీలో వేయకండి, రోలర్ల మధ్య తొక్కతో సహా నలపకండి. సగానికి కోసి, గింజ చితక్కుండా పిండి, పిండిన నిమిషాల్లోనే గింజలూ పిప్పీ వడకట్టేయాలి. ఆఖరి చుక్క కోసం గట్టిగా నలిపితే తొక్క నూనె కూడా దిగుతుంది. సీసా మెడ దగ్గర పసుపు వలయంలా తేలేది అదే, పాతబడితే టర్పెంటైన్ వాసన వస్తుంది. కాయకు నాలుగు చుక్కలు తగ్గినా పర్వాలేదు.

రంగు ముదరడానికి కారణం గాలి, వేడి, లోహం. విటమిన్ సి ఆక్సిజన్‌తో చెడి గోధుమరంగుకు తిరుగుతుంది, వేడి ఆ పనిని తొందరపెడుతుంది, ఇనుము, రాగి ఇంకా తొందరపెడతాయి. డ్రమ్ముకు ఇత్తడి కొళాయి ఉంటే ఈరోజే తీసేసి స్టీలుది పెట్టండి. చెంబుతో ఎత్తి పోసినప్పుడు నురగతో పాటు గాలి కలుస్తుంది. గొట్టం సీసా అడుగుదాకా దిగి, అక్కడి నుంచి మట్టం పైకి లేస్తే గాలి చాలా తక్కువ కలుస్తుంది. ఫిల్లింగ్ మెషీన్ నిజంగా ఉపయోగపడేది ఇక్కడ. నింపిన పెట్టెలు రేకుల కింద కాకుండా, మిద్దె ఇంట్లో చీకటి గదిలో 30 డిగ్రీలు దాటకుండా ఉంచగలిగితే నిల్వ కాలం బాగా పెరుగుతుంది.

ఇప్పుడు మెషీన్. డీలరు చూపించినది వైన్‌కు సరిగ్గా సరిపోయేదే. పైన తొట్టిలో ఫ్లోటు మట్టాన్ని ఒకేచోట పట్టి ఉంచుతుంది, గొట్టాలు సైఫన్‌లా లాగుతాయి, సీసాలో మట్టం తొట్టి మట్టానికి సమానమయ్యాక ధార దానంతటదే ఆగుతుంది. మోటారు లేదు, పంపు లేదు, చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ వైన్ వడకట్టి తేటగా ఉంటుంది, నీళ్ళలా పారుతుంది. 45 బ్రిక్స్ స్క్వాష్ అంతకన్నా ఎన్నోరెట్లు చిక్కన, పైగా గుజ్జు ఉంటుంది. వైన్ గొట్టాల్లో అది మెల్లగా కదులుతుంది, గుజ్జు పీచు వాల్వు కింద ఇరుక్కుని చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. చివరి రెండు సెంటీమీటర్లు నిండటానికే ఎక్కువసేపు పడుతుంది, ఎందుకంటే రెండు మట్టాలూ దగ్గరయ్యేకొద్దీ తోసే బలం తగ్గిపోతుంది. పనిచేసేవారు అంతసేపు ఆగలేక ముందే సీసా తీసేస్తారు, మట్టాలు మళ్ళీ తేడా వస్తాయి.

అందుకని డీలరు దగ్గరికి మీ స్క్వాష్ పది లీటర్లు పట్టుకెళ్ళండి. నీళ్ళతో చూపిస్తే ఒప్పుకోవద్దు. గొట్టం లోపలి బోలు కనీసం 10 మి.మీ. ఉందా, వాల్వు చేత్తో విప్పి కడగడానికి వస్తుందా, రబ్బరు వాషర్లు విడిగా అమ్ముతారా అని అడగండి. రసం తగిలే భాగాలు 316 రకం స్టీలు అయితే మంచిది. 304 అయితే పని అయిన వెంటనే కడగాలి, లేకుంటే తొట్టి పైభాగంలో సల్ఫర్ డయాక్సైడ్ ఆవిరికి మచ్చలు పడతాయి. గుజ్జును సన్నని స్టీలు జల్లెడలో వడకట్టిన తర్వాతే తొట్టిలో పోయండి.

మట్టం పెట్టేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. గొట్టం సీసాలో ఉన్నంతసేపూ అది కూడా చోటు ఆక్రమిస్తుంది. 12 మి.మీ. మందం గొట్టం 20 సెం.మీ. దిగితే సుమారు 23 మి.లీ., 770 పట్టే సీసాలో అయితే 750 పోసేలోపే అంచు దాటి పొర్లుతుంది కాబట్టి అలాంటి గొట్టానికి ఇంకాస్త పెద్ద సీసా కావాలి. గొట్టం పైకి తీయగానే మట్టం అంత మేర కిందికి జారుతుంది. ఫ్లోటును దానికి తగ్గట్టు పైకి పెట్టి, పది సీసాలు నింపి తూకం వేసి సరిచేయండి. 45 బ్రిక్స్ స్క్వాష్ లీటరు 1.2 కిలోలు కాబట్టి, సీసా బరువు తీసేస్తే 750 మి.లీ.కు 900 గ్రాములు తూగాలి. ఒక్కో సీసాలో 15 మి.లీ. వరకు తేడాను తూనికలు కొలతల నిబంధనలు సహిస్తాయి, అంటే 18 గ్రాములు. సగటు మాత్రం 750కి తగ్గకూడదు. సీసా లోపలి కొలతలు కొద్దిగా తేడా ఉంటాయి కాబట్టి మట్టంతో నింపినప్పుడు కంటికి సమానంగా కనిపించినా తూకంలో కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఫ్లోటును 905 గ్రాముల సగటుకు పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

డిజిటల్ మెషీన్లు కూడా చూపిస్తారు. చవకవాటిలో ఎక్కువ భాగం పంపును కొన్ని సెకన్లు నడిపి ఆపేవే, కొలిచేది కాలాన్నే. పొద్దున చల్లగా చిక్కగా ఉన్న స్క్వాష్ తక్కువ పడుతుంది, మధ్యాహ్నం పలచబడి ఎక్కువ పడుతుంది. పిస్టన్‌తో కొలిచే రకం ఈ పనికి నిజంగా బాగుంటుంది, ధర ఎక్కువ. వారానికి 200 సీసాలకు అది అవసరం లేదు. వెడల్పు గొట్టాల గ్రావిటీ ఫిల్లర్ (పైన చెప్పినట్టు మోటారు లేకుండా మట్టంతో నింపే రకం) రెండు గొట్టాలదైనా ఒక్క పూటలో మీ పని అయిపోతుంది. మూత బిగించే మనిషి వేగాన్ని మించి నింపినా ఉపయోగం లేదు, తెరిచిన సీసాలు వరుసలో నిలబడి ఈగలకూ దుమ్ముకూ లోకువవుతాయి. నింపినవి నింపినట్టే బిగించాలి.

లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, నికర పరిమాణంతో పాటు నిల్వ మందు పేరు గానీ దాని సంఖ్య 224 గానీ రాయాలి. కిలోకు 10 మిల్లీగ్రాములు దాటితే సల్ఫైట్ ఉన్నట్టు విడిగా హెచ్చరిక ఉండాలి, మీది ఎలాగూ దాటుతుంది. ప్రతి బ్యాచ్ నుంచి రెండు సీసాలు పక్కన పెట్టి, ఒకటి చల్లని గదిలో, ఒకటి షెడ్డులో ఉంచండి. కొనేవారికి ఎన్ని నెలల గడువు రాయాలో షెడ్డులోని సీసాను చూసి నిర్ణయించండి.